తప్పు దిద్దితే సరిపోతుందా?

తప్పు దిద్దితే సరిపోతుందా, దిద్దిన సంగతి చెప్పాలా? ఈ ప్రశ్న నాకు వేదాంత గ్రంథాల్లో తగల్లేదు. నేను చదివింది బి.కాం., చేస్తున్నది బ్యాంకు ఉద్యోగం. 2025 దీపావళికి మా తమ్ముడి కూతురు హైదరాబాదు నుంచి రాజురా వచ్చి, పండుగ పూట కూడా కంప్యూటరు ముందేసుకుని కూర్చుంది. "ఏం మునిగిపోయింది బిడ్డా?" అన్నాను. "రెడిస్‌లో పెద్ద తప్పు బయటపడింది పెద్దబాపూ. మా మాడ్యూళ్లు అందులోనే నడుస్తాయి, సరిచూసుకోవాలి" అంది. ఆ మాట పట్టుకుని అడగ్గా అడగ్గా తెలిసిన విషయాలే ఇవి. సాంకేతిక భాషలో పొరపాట్లుంటే అవి నావి, ఆ పిల్లవి కావు.

పాత షావుకార్ల దగ్గర కొందరు గుమాస్తాలుండేవారు. ఎవరి బాకీ ఎంతో అడిగిన క్షణాన చెప్పేవారు, చిట్టా తెరిచేవారు కాదు. రెడిస్ అటువంటి గుమాస్తా. మామూలు డేటాబేసులు లెక్కను డిస్కు మీద రాసుకుని, అడిగినప్పుడు వెతికి తీస్తాయి. ఇది మొత్తాన్నీ కంప్యూటరు జ్ఞాపకంలోనే పెట్టుకుంటుంది, అందుకే ఆ వేగం. కరెంటు పోతే జ్ఞాపకం తుడిచిపెట్టుకుపోతుంది గనుక, కావాలంటే ప్రతి మార్పునూ ఒక చిట్టాలో వరసగా చేర్చుకుంటూ సెకనుకోసారి డిస్కు మీద ఖాయం చేసుకుంటుంది. ఇటలీకి చెందిన సాల్వతోరే సాన్‌ఫిలిప్పో 2009లో దీన్ని రాసి లోకానికి ఊరికే ఇచ్చాడు. 2017లో వచ్చిన నాలుగో వెర్షన్ నుంచి, ఎవరికి కావలసిన పనులు వారు మాడ్యూళ్లుగా రాసి దానికి తగిలించుకోవచ్చు.

మాడ్యూలు అనగానే నాకు మా ఎక్స్‌టెన్షన్ కౌంటర్లు గుర్తొచ్చాయి. గని కాలనీలోనో కాలేజీలోనో ఒక గదిలో కౌంటరు తెరుస్తాం, లెక్క మాత్రం పెద్ద బ్రాంచి పుస్తకాల్లోకే చేరుతుంది. మాడ్యూలూ అంతే. రాసినవారు వేరైనా నడిచేది రెడిస్ జ్ఞాపకంలోనే. అది కూలితే సర్వరు మొత్తం కూలుతుంది. వాడుకున్న చోటు తిరిగి అప్పగించడం మరిస్తే కొన్నాళ్లకు చోటు కరువవుతుంది, మా భాషలో అది మొండి బాకీ. అప్పగించాక కూడా ఆ చోటునే వాడబోతే ఇంకా ప్రమాదం. లాకరు ఖాళీ చేసి వెళ్లినవాడి దగ్గర పాత తాళంచెవి ఉండిపోయిందనుకోండి. ఇప్పుడందులో ఇంకొకరి నగలున్నాయి.

2025లో బయటపడింది ఈ తాళంచెవి రకం తప్పు. అది మాడ్యూల్లో కాదు, లూవా అనే చిన్న భాషలో రాసిన ఆజ్ఞలను నడిపే అసలు భాగంలోనే ఉంది. సుమారు 13 ఏళ్లుగా ఉంది. లైసెన్సు తగాదాతో 2024లో రెడిస్ నుంచి వేరుపడిన వాల్కీలోనూ ఉంది. ఆస్తి పంచుకున్న అన్నదమ్ములకు గోడలో పగులు కూడా వాటాకొచ్చినట్టు! 1956 దాకా ఆదిలాబాదు జిల్లాలో ఉండిన మా రాజురా వాళ్లకు ఇటువంటి పంపకాలు కొత్తేమీ కాదు.

పదమూడేళ్లు ఎవరికీ కనపడకపోవడమేమిటని కామర్స్ చదివినవాడు ఆశ్చర్యపోడు. ట్రయల్ బ్యాలెన్స్ కుదిరినంత మాత్రాన పుస్తకాలు సరైనవి కావని మాకు మొదటి ఏడాదే చెప్పారు. ఒకరి పద్దు ఇంకొకరి ఖాతాలో వేస్తే రెండు వైపులా మొత్తాలు నిక్షేపంగా సరిపోతాయి.

సరిగ్గా అటువంటిది 2023 మార్చి 20న చాట్‌జీపీటీలో జరిగింది. రెడిస్‌తో మాట్లాడే రెడిస్-పై అనే మధ్యవర్తి ప్రోగ్రాములో ఒక లోపం ఉంది. ఒకరి ప్రశ్న వెళ్లాక, జవాబు రాకముందే అడిగినవాడు విరమించుకుంటే, ఆ జవాబు గొట్టంలోనే ఉండిపోయి తరవాత అడిగినవాడి చేతికి వచ్చేది. టోకెను తీసుకున్నవాడు లేచిపోతే వాడి పైకం వెనకవాడికిచ్చినట్టు. కొందరికి పరాయివాళ్ల సంభాషణల శీర్షికలు కనిపించాయి. ఒక తొమ్మిది గంటల వ్యవధిలో, డబ్బు కట్టి వాడుతున్నవారిలో 1.2 శాతం మంది చెల్లింపు వివరాలు కూడా ఇతరులకు కనపడి ఉండవచ్చని ఆ సంస్థ నాలుగు రోజుల తరవాత ప్రకటించింది. సంబంధించినవారికి తెలియజేస్తున్నామనీ రాసింది.

ఆ చివరి మాట విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

2001లో నేను రాజురా దగ్గరి ఒక గని కాలనీ ఎక్స్‌టెన్షన్ కౌంటరు చూసేవాణ్ణి. పుస్తకాల నుంచి కంప్యూటరుకు మారుతున్న రోజులు. ఒకే పేరున్న ఇద్దరు ఖాతాదారులు, ఇద్దరూ తెలుగువాళ్లే. ఒకాయన తీసుకున్న 2,400 రూపాయలను రెండో ఆయన ఖాతాలో ఖర్చు రాశాను. వేలు నాదే. రెండో ఆయన రిటైరైన గని కార్మికుడు, సంతకం వరకే వచ్చు. పాసుబుక్కు కొడుకు దగ్గరుండేది. పైకం తగ్గిందని ఆయన కౌంటరు దగ్గరికి వస్తే, నేను వోచరు తీసి చూడకుండానే, "తీశారు కాబట్టే తగ్గింది, ఇంట్లో అడిగి చూడు" అన్నాను.

ఇంట్లో అడిగాడు.

నాలుగు నెలల తరవాత తనిఖీ కోసం వోచర్లు సర్దుతుంటే తప్పు కనపడింది. ఎదురు పద్దు వేసి సరిచేశాను, పైవాళ్లు సంతకం పెట్టారు. పాసుబుక్కులో 'సవరణ జమ 2,400' అని రాశాను. దాచిందేమీ లేదు. ఆయన అంకె చూసుకుని, "కొడుకు భయపడి మళ్ల కట్టిండు" అని పక్కవాడితో అంటూ మెట్లు దిగాడు. నేను విన్నాను. లైనులో పదిమంది ఉన్నారు. పిలవలేదు.

ఇక్కడ మా అమ్మాయితో వాదించాను. "మీరూ దాస్తారుగా? ఆ 13 ఏళ్ల తప్పును 2025 మే నెలలో బెర్లిన్ పోటీలో రుజువు చేసినవారున్నారు. అక్టోబరు 3న సవరణ వచ్చేదాకా జనానికి చెప్పలేదు. ఆ అయిదు నెలల మౌనమేమిటి?" అన్నాను. "సవరణ లేకుండా చెబితే దొంగకే ముందు తెలుస్తుంది పెద్దబాపూ. చేతికొచ్చిన రోజే చెప్పినం గదా" అంది. నిజమే. వాళ్ల మౌనం లాకర్లలో నగలున్నవాళ్లను కాపాడింది. నాది ఎవరిని కాపాడింది? మౌనం అన్నీ ఒకటి కావని, ఎవరికి మేలు జరిగిందో చూస్తే తెలుస్తుందని నాకు యాభై దాటాక అర్థమైంది.

మా అమ్మాయిని ఇంకొకటి అడిగాను. ప్రతి సవరణ కిందా ఏం దిద్దారో, దాని వల్ల ఎవరికి నష్టమో రాస్తారట. మంచి పద్ధతి. మా ఎర్ర సిరా గీత, పక్కన పొట్టి సంతకం లాంటిది. "ఎంతమంది చదువుతారు?" అన్నాను. నవ్వి ఊరుకుంది. సవరణ వచ్చిన సంగతే తెలియక పాత ప్రోగ్రాములే నడుపుకునేవాళ్లు ఉండనే ఉంటారు. 'సవరణ జమ' అని నేనూ రాశాను మరి. రాసి పెట్టడం వేరు, చెప్పడం వేరు. రాసిపెట్టినది మన పుస్తకానికి చాలు. చదవలేనివాడికి మాత్రం మనమే నడిచి వెళ్లాలి. బ్యాంకుకైనా, ఊరికే ప్రోగ్రాములు రాసిచ్చే పుణ్యాత్ములకైనా ఇంటింటికీ తిరగడం సాధ్యమా అంటే, కాదు. కాని నా లెక్కలో ఉన్నది ఒకే ఇల్లు.

పండుగ వెళ్లిన వారానికి ఆ కాలనీకి వెళ్లాను. ఆయన పోయి చాలా ఏళ్లయిందట. కొడుకుకిప్పుడు నా వయసే. వాకిట్లోనే నిలబడి మొత్తం చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఏ నెల సార్ అది?" అన్నాడు. ఆగస్టులో పడిందనీ డిసెంబరులో సరిచేశాననీ చెప్పాను. వేళ్ల మీద ఏదో లెక్క పెట్టుకున్నాడు. "గప్పుడే బాపు మా దగ్గర తినుడు బంద్ చేసిండు" అన్నాడు.

ఆ చీటీ ఉందా అని అడిగాడు. గడువు తీరిన వోచర్లు ఎప్పుడో నాశనం చేశారని చెప్పి, "నేను రాసి సంతకం పెట్టిస్తాను. తెలుగులో రాయనా, మరాఠీలో రాయనా?" అన్నాను.

"నాకెందుకు సార్ కాయిదం? అమ్మ ఉన్నది లోపట. ఆమెకు సదువు రాదు. మీరే వచ్చి చెప్పున్రి" అని తలుపు తీసి పట్టుకున్నాడు.