అవసరాన్ని నిర్ణయించేదెవరు?

సంగీతం తయారుచేసే మనిషికి ఎన్ని సింథసైజర్లు కావాలి అన్న ప్రశ్న మొదటి చూపులో నీతిశాస్త్రానికి సంబంధించినదిగా కనిపించదు. దుకాణంలో అడగవలసిన ప్రశ్నలా వుంటుంది. కాని ఆర్మూరు వంటి పట్టణంలో, పసుపు పండించి బతికే కుటుంబాలనుంచి వచ్చిన యువకులు ఈ ప్రశ్న వేసుకుంటున్నప్పుడు దుకాణం చెప్పే సమాధానం చాలదు. మనిషికి ఏది అవసరం, ఆ అవసరాన్ని ఎవరు నిర్ణయిస్తారు అన్న పాత తగాదాయే ఇక్కడ కొత్త వేషంలో ఎదురవుతున్నది.

ముందు వస్తువేమిటో చూద్దాం. చర్మంతోగాని, తీగతోగాని పని లేకుండా విద్యుత్తుతోనే ధ్వనిని పుట్టించే వాయిద్యం సింథసైజర్. అమెరికాలో రాబర్ట్ మూగ్ 1964లో తయారుచేసిన యంత్రం పెద్ద సామగ్రి; 1970లో మినీమూగ్ రూపంలో అది బల్ల మీదికి వచ్చింది. జర్మనీలోని స్టైన్‌బర్గ్ సంస్థ 1996లో వి.ఎస్.టి. అనే ఏర్పాటును ప్రవేశపెట్టి, 1999లో దానిని వాయిద్యాలకు కూడా విస్తరించింది. అప్పటినుంచి వాయిద్యం పెట్టెను వదలి కంప్యూటరులో ఒక ప్రోగ్రాముగా మారిపోయింది. దీనినే సాఫ్ట్‌వేర్ సింథసైజర్ అంటున్నారు.

ఇది చిన్న మార్పు కాదు. ఒకప్పుడు మద్రాసుకో, హైదరాబాదుకో పోతేగాని రికార్డు కాని పాట నేడు ఆర్మూరులో ఒక గదిలో, ఒక లాప్‌టాప్ మీద తయారవుతున్నది. బతుకమ్మ పండుగ వస్తున్నదంటే యూట్యూబులో కొత్త పాటలు వరుసకట్టడం తెలంగాణలో అందరూ ఎరిగినదే. ఉత్పత్తి సాధనం ఉత్పత్తి చేసేవాడి చేతికి వచ్చిందంటే అభ్యుదయవాదులు సంతోషించవలసిందే.

అయితే సాధనం చేతికి వచ్చినంతమాత్రాన సాధనం మీద అధికారం వచ్చినట్లేనా? నా విద్యార్థి ఒకడు జానపద గీతాలకు సంగీతం కూరుస్తాడు. తండ్రికి రెండెకరాల పసుపు. ఇతని కంప్యూటరులో ముప్పయికి పైగా సింథసైజర్లు వున్నవి. వాటిలో వేటిని పూర్తిగా వాడగలవని అడిగాను. "ఒక్కటి గూడ పూర్తిగ తెల్వది సార్. గని ఏ సౌండు ఎప్పుడు గావాల్నో ఎట్ల ఎరుక? ఉండనీ అని పెట్టుకున్న" అన్నాడు. ఈ జవాబులో అబద్ధం లేదు, తెలివితక్కువతనమూ లేదు. ఉన్నదల్లా భయం. తనదగ్గర లేనిదేదో తన పాటను వెనక్కు లాగుతుందన్న భయం. ఆ భయం అతనిలో దానంతటది పుట్టలేదు. దాన్ని అతనికి అమ్మారు.

ఉత్పత్తి అనేది మనిషికి వస్తువును తయారుచేసి ఇవ్వడంతో ఆగదనీ, ఆ వస్తువుకు తగిన మనిషిని కూడా తయారుచేస్తుందనీ మార్క్స్ 1857లో రాసుకున్న ముసాయిదాలోనే గుర్తించాడు. సింథసైజర్ల బజారు దీనికి చక్కని ఉదాహరణ. ఎన్ని పేర్లతో వచ్చినా వీటిలో ధ్వనిని పుట్టించే పద్ధతులు వేళ్ళ మీద లెక్కపెట్టదగినన్నే. నిండైన ధ్వనిని పుట్టించి అక్కరలేని భాగాన్ని వడగట్టడం ఒక పద్ధతి. ఒక తరంగంతో మరొక తరంగాన్ని కదిలించడం రెండవది, దీనినే ఎఫ్.ఎం. అంటారు, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ 1967లో కనిపెట్టాడు. అనేక తరంగరూపాలను వరుసగా పేర్చి ఒకదానినుంచి మరొకదానిలోకి జారడం మూడవది, వేవ్‌టేబుల్. రికార్డు చేసిన అసలు ధ్వనిని మీటల మీద పరచడం నాలుగవది, శాంప్లింగ్. ఇంకా ఒకటి రెండు చెప్పవచ్చు. వీటి మధ్య తేడాలు నిజమైనవే. ఫిల్టరుకూ ఫిల్టరుకూ కూడా తేడా వుంటుంది. కాని ముప్పయి కొనిపించేది ఆ తేడాలు కావు. ముందే వండిపెట్టిన ధ్వనులు, వాటిని ప్రీసెట్లంటారు, వాటి కోసమే కొనుగోలు సాగుతున్నది. వంట నేర్వని ఇంటికి రోజుకొక కొత్త హోటలు కావలసివచ్చినట్లే ఇదీను.

యమహా సంస్థ 1983లో డి.ఎక్స్.7 అనే సింథసైజరును బజారులోకి తెచ్చింది. అది చౌనింగ్ పద్ధతి మీద నడిచే యంత్రం; దానిలో ధ్వనిని సొంతంగా కట్టడం కష్టం. అందుచేత దాన్ని కొన్నవారిలో చాలామంది కర్మాగారం పెట్టి ఇచ్చిన ధ్వనులతోనే సరిపెట్టుకున్నారు. ఆ దశాబ్దపు పాటలలో అదే ఎలక్ట్రిక్ పియానో మళ్ళీ మళ్ళీ వినిపించడానికి కారణం ఇదే. అదే యంత్రాన్ని బ్రయన్ ఈనో అనే ఇంగ్లీషు సంగీతకారుడు పట్టుదలతో నేర్చుకొని తనకు కావలసిన ధ్వనులను తానే కట్టుకున్నాడు. మరొక ఉదాహరణ: వెండీ కార్లోస్ 1968లో బాఖ్ సంగీతాన్ని మూగ్ యంత్రం మీద వాయించి ఒక రికార్డు వెలువరించింది. ఆ యంత్రం ఒకసారికి ఒక స్వరమే పలికేది. ఒక్కొక్క వరుసనూ విడివిడిగా వాయించి, టేపు మీద కలుపుకుంటూపోయింది. పరికరం ఎవరిది అన్న ప్రశ్నకు రసీదు సమాధానం చెప్పలేదు. దాని మీద ఎవరి శ్రమ పడిందో వారిదే అది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది; అది బలమైనది కూడా. "ఒక్కటి చాలదా, రెండు చాలవా అని పేదవాడికి చెప్పడం ఎప్పుడూ కలవాడి నీతే గదా? బొంబాయి సంగీత దర్శకుణ్ణి ఎవరైనా ఈ ప్రశ్న అడుగుతున్నారా?" అడగడం లేదు. తక్కువతో తృప్తిపడమన్న బోధ మన దేశంలో ఏనాడూ అమాయకమైనది కాదు. డప్పు చాలునని మాదిగవాడకు చెప్పిన సమాజమే వీణను మరొక వీధిలో దాచుకున్నది. బతుకమ్మ పాటకు చప్పట్లే తాళం కావడంలో గొప్ప అందం వుంది. కాని చప్పట్లు తప్ప ఆ ఆడవాళ్ళ చేతికి మరొక వాయిద్యాన్ని ఎవరూ ఇవ్వలేదన్న సంగతిని ఆ అందం మరుగుపరచరాదు. కనుక లేమిని కళగా పూజించేవారితో నాకు పేచీ వున్నది. రైతుబిడ్డ ప్రపంచంలోని ప్రతి ధ్వనినీ కోరదగినవాడే.

కాని ఈ ఆక్షేపణ రుజువుచేసేదేమిటి? అతని అవసరాన్ని ఇతరులు కుదించరాదని. మంచిదే. అయితే అదే తర్కాన్ని అనుసరించి ఇతరులు దానిని పెంచనూరాదు. "నీకు ఇంతే చాలు" అనే పెత్తందారూ, "నీకు ఇదికూడా లేకపోతే ఎట్లా" అనే వ్యాపారీ చేసే పని ఒకటే. ఇద్దరూ అతని అవసరాన్ని అతని చేతిలోనుంచి లాక్కుంటున్నారు.

మరి అతను తానే నిర్ణయించుకోవడానికి కొలబద్ద ఏమిటి? మన సాహిత్య చరిత్రలోనే అది దొరుకుతుంది. ఛందోగ్రంథాలు ఎన్నెన్నో వృత్తాలకు లక్షణాలు చెప్పినవి. వేమన ఆ భాండాగారం జోలికి పోలేదు. ఆయన పేర ప్రచారంలో వున్న పద్యాలలో అత్యధికం ఆటవెలదులే. ఆటవెలది ఆయన చెప్పదలచిన మాటకు సరిపోయింది, దాని లోతు ఆయన చూశాడు. అదే చరిత్రలో గురజాడ కూడా వున్నాడు. తాను చెప్పదలచింది పాత ఛందస్సులలో ఇమడనప్పుడు 1910లో ముత్యాల సరం నడకను తెచ్చాడు. వేమన కొత్తది అడగకపోవడం వెనుకబాటుతనం కాదు, గురజాడ అడగడం విలాసమూ కాదు. రెండుచోట్లా పనే అడిగింది. ఉన్న పరికరాన్ని చివరంటా వాడి, దాని హద్దును చేతితో తాకినవాడికే కొత్త పరికరం అవసరమయిందో లేదో తెలుస్తుంది. హద్దు తాకనివాడికి కలిగేది కోరికేగాని అవసరం కాదు.

ఆర్మూరు ప్రాంతపు రైతు ఈ సూత్రాన్ని ఏ పుస్తకమూ చదవకుండానే పాటిస్తున్నాడు. పసుపు తవ్విన తరువాత కొమ్మునూ మండనూ వేరుచేయాలి, ఉడికించాలి, రోజుల తరబడి ఎండబెట్టాలి, డ్రమ్ములో తిప్పి మెరుగుపెట్టాలి. ఉడికించే బాయిలరు గాని, మెరుగుపెట్టే డ్రమ్ము గాని ప్రతి ఇంటా వుండవు; కిరాయి మీద ఒక కల్లంనుంచి మరొక కల్లానికి తిరుగుతవి. కొనేముందు రైతు వేసే లెక్క ఒకటే: ఏడాదిలో దీనికి ఎన్ని రోజుల పని వుంది?

సాఫ్ట్‌వేరుకు ఈ లెక్క వర్తించదని కొందరంటారు. అది చోటు ఆక్రమించదు, తుప్పు పట్టదు. ఉచితంగా దొరికేవి కూడా వున్నవి గదా అని. నిజమే. సర్జ్ అనే సింథసైజరు మూలరచనను 2018లో అందరికీ బహిరంగం చేశారు. మాట్ టైటెల్ 2020లో విడుదల చేసిన వైటల్‌కు ఉచిత ప్రతి వుంది. డి.ఎక్స్.7 పద్ధతిని కంప్యూటరులో నడిపే డెక్సెడ్ ఉచితమే. ఇవి వుండగా దొంగకాపీల మీద ఆధారపడవలసిన అగత్యం కూడా తగ్గింది. పరికరం తయారుచేసేవాడు కూడా శ్రామికుడే గనుక ఈ సంగతి మనకు పట్టవలసినదే. కాని ధర సున్నా అయినంతమాత్రాన ప్రశ్న సున్నా కాదు. డబ్బు తరిగితే తెలుస్తుంది, కాలం తరిగితే తెలియదు. పగలు పొలంలోనో దుకాణంలోనో పనిచేసి రాత్రి రెండు గంటలు పాటకు మిగుల్చుకున్నవాడు ఆ రెండు గంటలూ ముప్పయి సింథసైజర్లలో ప్రీసెట్లు వింటూ గడిపితే అతను పెట్టిన ఖర్చు తక్కువేమీ కాదు.

ఇక కొనేవాటి సంగతి. 2014లో వచ్చి ఎంతో ప్రచారం పొందిన సీరమ్‌ను 189 డాలర్లకు అమ్మారు. నేటి మారకంలో అది పదిహేను వేల రూపాయలు దాటుతుంది. మంచి ధర పలికిన ఏడాదిలో ఒక క్వింటాలు పసుపుకు అటూ ఇటూగా వుంటుంది. ఆ క్వింటాలులో విత్తనం వుంది, ఎనిమిది తొమ్మిది నెలల తడి వుంది, తవ్విన కూలీల నడుములున్నవి. దానితో కొన్న పరికరాన్ని వాడకుండా పడవేయడం తన సొమ్మును తాను వృథా చేసుకోవడం మాత్రమే కాదు.

మరొక సంగతి కూడా చెప్పుకోవాలి. శాంప్లింగ్ పద్ధతిలో డప్పు, డోలు ముందే రికార్డయి వున్నవి. మీట నొక్కితే మోగుతవి. కిన్నెర మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చి గౌరవించుకున్నాం. మంచిదే, కాని ఊరిలో డప్పు కొట్టేవాడు ఆర్మూరు స్టూడియో గడప తొక్కనవసరం లేకుండా చేసుకున్నాం. ముప్పయ్యొకటవ సింథసైజరుకు డబ్బు దొరికి, డప్పు కళాకారుడి పూట కూలికి దొరకకపోతే, అది సాంకేతిక నిర్ణయం కాదు, నైతిక నిర్ణయం. అసలు ప్రజానాట్యమండలి కాలంలో నాజరు బుర్రకథ ఒక తంబురా, రెండు గుమ్మెటలతో వేలాదిమందిని కూర్చోబెట్టిందంటే, ఆ మూడు వాయిద్యాల వెనుక ముగ్గురు మనుషులు వున్నారు. మనం వాయిద్యాలను లెక్కపెడుతూ మనుషులను లెక్కలోనుంచి జారవిడుస్తున్నాం.

అయితే చివరకు ఎన్ని? తప్పించుకోకుండా ఒక అంకె చెబుతాను: మూడు. వడగట్టడం, వేవ్‌టేబుల్ రెండూ చేయగలిగినది ఒకటి. మొదటిది ఇవ్వలేని లోహపు మోత కోసం ఎఫ్.ఎం. పద్ధతిది ఒకటి. మన డప్పునూ, జమిడికనూ, కిన్నెరనూ, వాయించినవారికి కూలి ఇచ్చి మనమే రికార్డు చేసుకొని పరచుకోవడానికి ఒక శాంప్లర్. నాలుగవది గుమ్మం దగ్గర నిలబడి సాక్ష్యం చెప్పాలి: ఈ మూడింటితో కాని పని ఫలానా పాటలో ఫలానాచోట వున్నదని. చెప్పగలిగితే లోపలికి రానివ్వవచ్చు, పదవదైనా సరే. చెప్పలేకపోతే ఉచితమైనా అక్కరలేదు. మూడన్న అంకె శిలాశాసనం కాదు. సాక్ష్యం అడిగే హక్కే అసలు విషయం.

ఆ హక్కును ఒంటరిగా కాపాడుకోవడం కష్టమే. కలిసి కాపాడుకోవచ్చునని కూడా రుజువయింది. ధ్వనిపరికరాల సాఫ్ట్‌వేరు అమ్మే వేవ్స్ సంస్థ 2023 మార్చిలో ఇక సొంతానికి అమ్మేది లేదనీ, చందా కట్టి వాడుకోవలసిందేననీ ప్రకటించింది. వాడకందార్లు దేశదేశాలనుంచి నిరసన తెలిపేసరికి కొద్ది రోజులకే వెనక్కు తగ్గింది. ఆర్మూరులో నలుగురు యువకులు ఒక గది, ఒక మంచి మైకు, తలా ఒక పరికరపు పరిజ్ఞానం పంచుకుంటే బాయిలరును పంచుకునే రైతులకన్న కొత్త పని ఏమీ చేసినవారు కారు.

2019 లోక్‌సభ ఎన్నికలలో 170 మందికి పైగా రైతులు నిజామాబాదు స్థానానికి పోటీచేసి, తమ పంటకు ధర నిర్ణయించే హక్కు తమకు లేకపోవడాన్ని దేశానికి చూపించారు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదుకు వచ్చింది. ధర మాత్రం ఇంకా బజారు చేతిలోనే వున్నది. తండ్రులు తమ ధరకోసం బజారుతో పోరాడుతున్నప్పుడు కొడుకులు తమ అవసరాన్ని అదే బజారు చేతికి ఊరికే అప్పగించరాదు. ధరను నిర్ణయించే హక్కు పోరాడి తెచ్చుకోవలసినది. అవసరాన్ని నిర్ణయించే హక్కు మాత్రం ఇప్పటికీ మన దగ్గరే వున్నది; దాన్ని వాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.