గ్యారంటీ

సికింద్రాబాద్ రేతిఫైల్ బస్టాండులో దిగేసరికి నా చేతిలో ఆడవాళ్ల ఉచిత ప్రయాణపు జీరో టికెట్. మామయ్య దాన్ని అందుకుని కళ్లజోడు సరిచేసుకున్నాడు. రైల్వే లెక్కల విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి, సున్నా కనబడితే వదలడు.

"ఇది ఎవరి సున్నా అమ్మాయ్?"

"ఆర్టీసీకి ప్రభుత్వం కడుతుంది మామయ్యా. 2023 డిసెంబరు 9 నుంచీ ఇంతేగా!"

"ప్రభుత్వానికి సొంత పొలం పుట్రా ఉన్నాయా? ఎక్కడో ఒకచోట ఆగాలి."

"ఎక్కడ? ఆగమని ఎవరు చెప్పాలి?"

ఆయన స్టేషన్ వైపు చెయ్యి చూపించాడు. "ఈ లైనుకు పాత పేరు నిజాంస్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. ఆ గ్యారంటీ ఎవరికనుకున్నావ్? లండన్ వాటాదార్లకు. 1883లో కంపెనీ పెట్టారు. నూటికి అయిదు రాబడి రాకపోతే తరుగు నిజాం ఖజానా పూడ్చాలి. దివాన్ సాలార్‌జంగ్ అప్పటికే పోయాడు, నిజాం మహబూబ్ అలీఖాన్ ఇంకా మైనరు. షరతులు జనం ముందు పెట్టండని గొడవచేసిన వాళ్లలో సరోజినీనాయుడు తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయ ఒకరు. ఆయన్ని రాజ్యం నుంచే పంపించేశారు."

"అంటే ఆయన అడిగింది లెక్క చూపించమనే కదా!"

నాకు అసలు విషయం అక్కడే ఉందనిపిస్తుంది. సర్కారుకు హద్దు గీయాలంటే ముందు పద్దు కనబడాలి. 2023 డిసెంబరు 20న శాసనసభలో పెట్టిన శ్వేతపత్రం, తెలంగాణ రాష్ట్రం వచ్చినప్పుడు 72,658 కోట్లున్న అప్పు 6,71,757 కోట్లకు చేరిందంది. కాళేశ్వరం వంటి కార్పొరేషన్ల పేరున, ప్రభుత్వ పూచీకత్తు మీద తెచ్చినవీ అందులో ఉన్నాయి. అంతకుముందు పాలించిన పార్టీ ఆ లెక్కను ఒప్పుకోలేదు. వాళ్ల వాదన ఎలా ఉన్నా, పూచీకత్తు చాటున పెరిగే అప్పు బస్సు టికెట్ కంటే నన్ను ఎక్కువ భయపెడుతుంది. టికెట్ కనీసం నా చేతిలో ఉంది.

మామయ్య తల అడ్డంగా ఊపాడు. "శ్వేతపత్రం పెట్టినవాళ్లూ ఎన్నికల్లో ఆరు గ్యారంటీలు చెప్పే గెలిచారు. ఆనాడు షరతులు దాచారు కాబట్టి గొడవ జరిగింది. ఇప్పుడు గోడమీద రాసి పెట్టినా ఎవరూ కాదనరు. తీసుకునేవాళ్లం మనం, తీర్చేవాళ్లు ఇంకా పుట్టలేదు. వాళ్లకు ఓటేది?"

దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. కాసేపటికి అన్నాను: "1883లో పుట్టనివాళ్లం మనం. ఆ రైలు ఎక్కుతున్నాం కదా."

"పట్టాలు మిగిలాయి కనుక ఎక్కుతున్నాం."

"ఈ బస్సులో కాలేజీకి వెళ్లే పిల్లకు మిగిలేది?"

మామయ్య టికెట్‌ను మడిచి నా చేతిలో పెట్టాడు. "అది ఏ పద్దు కింద రాయాలో ముప్పై ఏళ్లలో నాకెవరూ నేర్పలేదమ్మా," అన్నాడు.