బంతి పడిన చోటు

గోల్ఫు అను ఆట కోరాపుట్, రాయగడ ప్రాంతములలోని మన కుటుంబములకు అంతగా పరిచితమైనది కాదు. కొండల నడుమ కాపురముండు మనకు సముద్రమనగా విశాఖపట్టణమే. పెండ్లికో, వైద్యమునకో రైలెక్కి ఆ తీరమున దిగుదుము. అచ్చట ముడసర్లోవ చెంత ఈస్ట్ పాయింట్ గోల్ఫు క్లబ్బు కలదు. అట్టి ఆటను గూర్చి ఈ సంచికలో ప్రసంగింపనేల యని పాఠకులు శంకింపవచ్చును. దానియందలి రెండు నియమములు మన బ్రతుకునకు మిక్కిలి చేరువైనవని మాకు తోచుటయే కారణము.

ఈ ఆటకు పుట్టినిల్లు స్కాట్లండు తూర్పుతీరము. సముద్రమునకును పంటభూములకును నడుమ, నాగలికి లొంగని ఇసుకదిబ్బల నేలను అచ్చటివారు లింక్సు అందురు. సెంట్ ఆండ్రూస్ పట్టణపు లింక్సు లోకప్రసిద్ధము. 1764లో అచ్చటి 22 గుంటల వరుసను 18కి తగ్గింపగా, కాలక్రమమున ఆ సంఖ్యయే ఎల్లెడల ప్రమాణమయ్యెను. ఒకవంక కడలి, ఒకవంక పచ్చిక. చూచువారికి కన్నుల పండువు. ఆడువానికి మాత్రము ఆ కడలిగాలియే పరీక్ష. చక్కగా కొట్టిన బంతి మిట్టను తాకి ఇసుకగోతిలో పడును; తప్పుగా కొట్టినది దొర్లి దొర్లి మంచి చోట నిలుచును.

ఎట్లు పడినను బంతిని ఉన్నచోటనుండియే ఆడవలెననునది మొదటి నియమము. ఇది న్యాయమేనా? పని చక్కగా చేసినవానికి చెడుఫలమేల? మన పెద్దలు దీనిని ప్రారబ్ధమందురు. కాని ప్రారబ్ధమని చేతులు ముడుచుకొని కూర్చున్నవాడు ఆటగాడు కాడు. బంతి పడిన చోటు వాని వశము కాకున్నను, తరువాతి దెబ్బ వానిదే. అంతేకాక, బంతి ఆడరానిచోట పడెనని తలచినచో, ఒక దెబ్బ అదనముగా లెక్కించుకొని నియమము చూపినంతమేర దానిని తరలింపవచ్చును. తరలించుట తప్పు కాదు. లెక్క దాచుట తప్పు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు, మద్రాసు రాజధానిలో విశాఖపట్టణము జిల్లాకు చెందియుండిన జయపురము జమీందారీ దానిలో చేరి కోరాపుట్ జిల్లాలోనిదయ్యెను. ఆ జిల్లానుండి 1992లో రాయగడ వేరుపడెను. నాడు మన పెద్దలలో పలువురు ఇల్లు కదలలేదు, ఎల్ల కదలెను. మరికొందరము తరువాత ఉద్యోగములకును వర్తకమునకును వచ్చి నిలిచితిమి. జయపుర మహారాజు విక్రమదేవవర్మ తెలుగు, ఒడియా భాషలు రెంటియందును రచనలు చేసెను. కడలియొడ్డున నున్న ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఏటేట లక్ష రూపాయలొసంగెను. ఉన్నచోట నిలిచి, ఇరుగుపొరుగు భాషను గౌరవించి, తన భాషను విడువకుండుట ఎట్టిదో ఆయన జీవితమున చూడవచ్చును.

రెండవ నియమము ఇంతకంటె కఠినము. విశాలమైన మైదానమున ప్రతి ఆటగాని వెంటను తీర్పరి యుండడు. తన తప్పు తానే చెప్పుకొనవలెను. 1925లో అమెరికా ఓపెన్ పోటీలో బాబీ జోన్స్ బంతిని కొట్టబోవుచుండగా అది రవ్వంత కదలెను. ఇతరులెవ్వరును చూడలేదు. తానే చెప్పి ఒక దెబ్బ శిక్ష వ్రాయించుకొనెను. ఆ పోటీలో తుదకు సమానముగా నిలిచి, మరల ఆడిన ఆటలో ఓడిపోయెను. ఆయన నిజాయితీని పలువురు పొగడగా, బ్యాంకును దోచనందుకు పొగడినట్లున్నదని ఆయన కొట్టివేసెనని చెప్పుదురు. ఆ ఒక్క దెబ్బ దాచియుండినచో, గెలుపు లోకమునకు నిజమై, ఆయనకు మాత్రము అబద్ధమై యుండెడిది.

ఎల్ల మారుటచే మన తెలుగు క్షీణించుచున్నదని మనము సభలలో వాపోవుదుము. అది అసత్యము కాదు. బడియు కచేరియు బజారును వేరు భాషలో నడచుచుండగా పిల్లల తెలుగు పలుచబడుట సహజమే. అది బంతి పడిన చోటు. కాని మా ఇంట పెద్దబాలశిక్ష అటుక యెక్కినది ఏ ప్రభుత్వపు ఆజ్ఞచేతను కాదు. సాయంకాలమొక అరగంట పిల్లలను చెంత కూర్చుండబెట్టుకొని అక్షరములు దిద్దించుటకు మేము బద్ధకించితిమి. తాతగారు స్వహస్తముతో వ్రాసియుంచిన వంశవృక్షమును మా పిల్లవాడు పరులచే చదివించుకొనవలసి వచ్చినపుడు, తప్పు ఎల్లగీతదని అంటిమి. ఆ దెబ్బ మా లెక్కలో వ్రాసికొనవలసినది.

తప్పు ఒప్పుకొనినంతమాత్రమున బంతి మంచిచోటికి చేరదు. ఒప్పుకొననివాడు మాత్రము తరువాతి దెబ్బను సరిగా ఆడలేడు. తప్పంతయు గాలిదే యనుకొనువాడు చేయి దిద్దుకొనడు గదా. మేము ఆలస్యముగానైనను అటుకపైనున్న పుస్తకమును దించితిమి. పిల్లవాడిప్పుడు గుణింతముల కడ నున్నాడు. ఈ సంచిక చేరిన ప్రతి ఇంటను అట్టి అరగంట యొకటి లభించుగాక యని మా కోరిక.