సెలవు ఎవరి సొత్తు?

‘పంతులుద్యోగానికేమండీ, ఏడాదిలో సగం సెలవులే’ అనే మాట వినని టీచరు ఉండరు. ఏప్రిల్ నెల వచ్చిందంటే మా బ్యాంకులో కూడా ఈ మాట వినబడుతుంది. లెక్కలతో బతికే వృత్తి నాది కనుక దీనికి లెక్క ప్రకారమే జవాబు చెబుతాను. 1972 నాటి కేంద్ర ప్రభుత్వ సెలవుల నిబంధనల కింద మామూలు ఉద్యోగికి ఏడాదికి 30 రోజుల ఆర్జిత సెలవు జమ అవుతుంది. వేసవి సెలవులున్న శాఖలవారికి అందులో పెద్ద కోత. వారిని ఆ సెలవుల్లో పనికి నిలిపితే, నిలిపిన రోజుల నిష్పత్తిలో కొంత ఆర్జిత సెలవు తిరిగి కలపాలి. రాష్ట్రాల్లో అంకెలు వేరు కావచ్చు గాని పద్ధతి అదే. అంటే వేసవి సెలవు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు, టీచరు మరొకటి వదులుకొని సంపాదించుకున్నది. అందులో చెయ్యి పెట్టే హక్కు హెడ్మాస్టరుకు ఎంతవరకు ఉంది?

చిన్న ఊళ్ళలోని ప్రైవేటు బడుల సంగతి వేరు. చాలాచోట్ల అక్కడ జీతం పది నెలలకే. మే నెలలో ఆ టీచర్ల ఖాతాల్లో జమ ఉండదు. జూన్‌లో సొంత పిల్లల ఫీజులు కట్టే వేళకు ఆ టీచరమ్మలే నగల తాకట్టు కౌంటరు దగ్గర నిలబడి ఉంటారు. వారికి అది సెలవు కాదు, రెండు నెలల నిరుద్యోగం. విచిత్రమేమంటే, అదే బడి వారిని తలకింతమంది పిల్లలని లెక్కగట్టి అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిప్పుతుంది. ‘వేసవిలో ఫీజులు రావు, ఎక్కణ్ణుంచి ఇవ్వమంటారు?’ అని కరెస్పాండెంటుగారు అడుగుతారు. ఇచ్చే జీతాన్నే పన్నెండు భాగాలు చేయవచ్చు, అదనంగా పైసా అక్కరలేదు. అయితే అది ఏర్పాటే గాని న్యాయం కాదు. పని చేయించుకున్న రోజులకు జీతం వేరే ఇవ్వాలి. ఇందులో చర్చకు తావు లేదనుకుంటాను.

మా బ్యాంకుల్లో ఒక పద్ధతి ఉంది. ట్రెజరీ, కరెన్సీ చెస్టు వంటి సున్నితమైన చోట్ల పనిచేసేవారిని ఏటా కనీసం 10 పనిదినాలు ఒకే విడతగా, ముందు చెప్పకుండా, సెలవు మీద పంపాలని రిజర్వు బ్యాంకు 2021 జూలైలో ఆదేశించింది. ఆ రోజుల్లో వారు అందరికీ ఉండే ఆఫీసు ఈ-మెయిల్ తప్ప తమ పనికి సంబంధించిన కాగితాలు గాని కంప్యూటరు గాని ముట్టకూడదు. ఇది ఉద్యోగి మీద ప్రేమతో పెట్టింది కాదు. మనిషి సీట్లో లేనప్పుడు మోసమేదైనా ఉంటే బయటపడుతుందని పెట్టింది. అయినా ఫలితం చూడండి. అనుమానంతో ఇచ్చిన సెలవు మొత్తంగా చేతికొస్తోంది. గౌరవంతో ఇచ్చామని చెప్పే టీచర్ల సెలవు మాత్రం ‘ఒక్క గంట వచ్చిపోండమ్మా’ అనే ఫోన్లతో ముక్కలవుతోంది.

ఒక్క గంటకేం పోయింది అంటారు. గడువుకు ముందే ఫిక్సెడ్ డిపాజిట్ తీసినవారికి ఆ సంగతి తెలుసు. రాబోయే రోజుల వడ్డీ ఒక్కటే కాదు, గడిచిన రోజులకు కూడా తక్కువ రేటే కడతారు, మామూలుగా ఆపైన కొంత కోస్తారు. సెలవూ అంతే. ఎప్పుడు పిలుస్తారో తెలియని టీచరు పుట్టింటికి పోలేదు, తల్లి కంటి ఆపరేషనుకు తేదీ పెట్టించలేదు. చివరికి పిలుపు రాకపోయినా ఆ రోజులు పోయినట్టే.

తప్పంతా హెడ్మాస్టరుదే అనను. రేపటికల్లా వివరాలు కావాలని పైఆఫీసు అడుగుతుంది. ఫలితాలు, టీసీలు, అడ్మిషన్లు అన్నీ వేసవిలోనే. టీచర్లను ఇతర పనులకు వాడరాదని చెప్పిన 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షనే జనాభా లెక్కలను, విపత్తు సహాయాన్ని, ఎన్నికలను మినహాయించింది. వాటిని ఆయన ఆపలేరు. ఆపగలిగినవి ఆపితే చాలు. వచ్చే ఏడాది ఎవరికే తరగతో బడి మూసేలోపే చెప్పవచ్చు. ఎవరు ఏ తేదీల్లో రావాలో వంతులు రాసి గోడకు అంటించవచ్చు, తన సెలవు కూడా అందులో చేర్చుకోవచ్చు. మిగిలిన రోజుల్లో వాట్సాప్‌లో ఒక్క ముక్క పెట్టకుండా ఉండవచ్చు. టీచర్ల మానసిక ఆరోగ్యం కోసమని ఆ సెలవుల్లోనే శిబిరాలు పెట్టే పెద్దలకు నా మనవి: ఊరుకుంటే అంతకంటే ఎక్కువ ఆరోగ్యం.

ఈ లెక్కకు అందని చోటు ఒకటుంది. మా హోసూరు ప్రాంతపు బడుల్లో తెలుగు చెప్పేవారు బడికి ఒక్కరే ఉండటం కద్దు. 2006 నాటి చట్టంతో తమిళనాడులో ఒకటో తరగతి నుంచి మొదలై ఏటేటా పై తరగతులకు తమిళం తప్పనిసరి అవుతూ వచ్చాక, తెలుగుకు పిల్లల్ని తెచ్చుకోవడం మరీ కష్టమైంది. అందుకని ఆ ఒక్క టీచరమ్మ మే నెల ఎండలో తనంతట తానే ఇల్లిల్లూ తిరుగుతుంది. ఎవరూ పిలవలేదు. తిరగకపోతే తరగతే ఉండదని ఆమె భయం. ‘సెలవు మీ హక్కమ్మా, ఇంట్లో ఉండండి’ అని ఆమెతో అనడం దయ అవుతుందా? కాదనే నా అభిప్రాయం. అలాగని, ఇష్టంతో చేస్తోంది కదా అని చూసీ చూడనట్టు ఉండటమూ ధర్మం కాదు. ఆమె తిరిగిన రోజులను హెడ్మాస్టరు డ్యూటీగా రిజిస్టరులో ఎక్కించి, ఆ మేరకు సెలవు జమ చేయమని పైకి రాయాలి. వీలైతే ఒకటి రెండు వీధులు తానూ ఆమెతో నడవాలి. ఆయనకు తెలుగు రాకపోయినా ఫరవాలేదు. హెడ్మాస్టరు వాకిట్లో నిలబడితే మా వైపు ఏ ఇంట్లోనైనా కుర్చీ వేస్తారు.