అహంకారం – ఇబ్లీస్ వారసత్వం

అల్లాహ్ హజ్రత్ ఆదమ్ (అలై)ను మట్టితో సృష్టించి, ఆయన ముందు సాష్టాంగపడమని దైవదూతలను ఆజ్ఞాపించాడు. అందరూ సాష్టాంగపడ్డారు. ఒక్క ఇబ్లీస్ మాత్రం నిరాకరించాడు. ఎందుకని అల్లాహ్ ప్రశ్నించినప్పుడు, తాను అగ్నితోనూ, ఆదమ్ మట్టితోనూ పుట్టారనీ, కనుక తానే మేలైనవాణ్ణనీ సమాధానమిచ్చాడు. అల్ అఆరాఫ్ సూరాలోనూ, మరి కొన్ని సూరాల్లోనూ ఈ వృత్తాంతం మనకు కనిపిస్తుంది.

ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. ఇబ్లీస్ దేవుణ్ణి నమ్మనివాడు కాడు. తనను సృష్టించింది అల్లాహ్‌యేనని ఒప్పుకున్నాడు. ఆయన్ను ప్రభువుగానే సంబోధించాడు. గడువు కావాలని ఆయన్నే వేడుకున్నాడు. మృతులు తిరిగి లేపబడే రోజు ఉందనీ వాడికి తెలుసు. ఇన్ని తెలిసి కూడా బహిష్కృతుడయ్యాడు. వాణ్ణి పడగొట్టింది పుట్టుకను చూసుకుని కలిగిన గర్వం. అంటే దేవుణ్ణి ఎరిగిన హృదయంలో కూడా అహంకారం కాపురం చేయగలదు!

ఆదమ్ (అలై), హవ్వా కూడా దైవాజ్ఞను మరిచి వద్దన్న చెట్టును సమీపించారు. కాని తమ పొరపాటు తెలియగానే వాదనకు దిగలేదు. తమకు తామే అన్యాయం చేసుకున్నామని ఒప్పుకుని క్షమాభిక్ష కోరారు. అల్లాహ్ వారి పశ్చాత్తాపాన్ని స్వీకరించాడు. తల వంచినవారు కరుణకు పాత్రులయ్యారు, తల ఎగరేసినవాడు శాపానికి గురయ్యాడు. మనం ఎవరి బాటలో ఉన్నామో, మన తప్పును మరొకరు ఎత్తిచూపిన క్షణంలో తెలిసిపోతుంది.

అహంకారం అంటే ఏమిటి?

హృదయంలో రవ్వంత అహంకారమున్నా స్వర్గప్రవేశం లభించదని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) హెచ్చరించారు. అది విన్న ఒక వ్యక్తికి సందేహం కలిగింది. మంచి బట్టలు, మంచి చెప్పులు ఉండాలని మనిషి కోరుకుంటాడు కదా, అదీ అహంకారమేనా అని అడిగాడు. కాదన్నారు ప్రవక్త (స). అల్లాహ్ సుందరుడనీ, సౌందర్యాన్ని ఇష్టపడతాడనీ చెప్పి, సత్యాన్ని తిరస్కరించటం, ప్రజల్ని చిన్నచూపు చూడటమే అహంకారమని వివరించారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది.

ఈ రెండు లక్షణాలూ ఒకదానికొకటి తోడు. ఎదుటివాణ్ణి తక్కువగా చూసేవాడికి అతని నోట వచ్చిన సత్యం కూడా తక్కువగానే కనిపిస్తుంది. ఇబ్లీస్ విషయంలో జరిగింది ఇదే.

సహాబీల శిక్షణ

ఒకసారి హజ్రత్ అబూజర్ (రజి) ఒక వ్యక్తిని అతని తల్లి పేరెత్తి దెప్పిపొడిచారు. ఈ సంగతి తెలిసిన ప్రవక్త (స), ఆయనలో ఇంకా అజ్ఞానకాలపు గుణం మిగిలి ఉందని మందలించారు. సేవకులు మీ సోదరులేననీ, మీరు తినేదే వారికి తినిపించాలనీ, మీరు తొడిగేదే వారికి తొడిగించాలనీ బోధించారు. ఆ తర్వాత ఎంతోకాలానికి అబూజర్ (రజి)ను రబజాలో చూసినవారు, ఆయన ఒంటిమీదా, ఆయన సేవకుని ఒంటిమీదా ఒకే రకం దుస్తులు ఉండటం గమనించి కారణమడిగారు. అప్పుడాయన దాచుకోకుండా తన పొరపాటునే వారికి చెప్పారు. ఒక్క మందలింపు ఆయనకు జీవితాంతం సరిపోయింది.

మస్జిదె నబవీని ఊడ్చే ఒక నల్లజాతి స్త్రీ ఉండేది. ఆమె చనిపోతే, ఇది పెద్ద విషయం కాదనుకుని సహాబీలు ప్రవక్త (స)కు తెలియజేయకుండానే ఖననం చేశారు. ఆమె కనిపించటం లేదేమని ఆయన ఆరా తీశారు. నాకెందుకు చెప్పలేదని అడిగారు. సమాధి ఎక్కడో చూపించమని, అక్కడికి వెళ్ళి ఆమె కోసం నమాజ్ చేశారు. జనం మరిచిన మనిషిని దైవప్రవక్త (స) మరువలేదు!

మన సంగతేమిటి?

సోదర సోదరీమణులారా! ఒకే వరుసలో భుజం భుజం కలిపి నమాజ్ చేసే మనం, మస్జిద్ మెట్లు దిగగానే ఆ వరుసను చెరిపేసుకోవటం లేదా? మన తెలుగునాట దూది ఏకే వృత్తితో బతికిన దూదేకుల సోదరులను, వారికి ఉర్దూ రాదనో, వారి పేర్లు వేరుగా ఉన్నాయనో తక్కువచేసి మాట్లాడేవారు లేరా? పెళ్ళిసంబంధం అనగానే అబ్బాయి నమాజ్ గురించి కాక, ఖాందాన్ గురించి ముందుగా అడగటం లేదా? తడబడుతూ ఖుర్‌ఆన్ చదివే కొత్తవారిని చూసి ముసిముసిగా నవ్వుకోవటం లేదా? అలా కష్టపడి పఠించేవారికి రెండింతల పుణ్యం ఉందని ప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. మనం ఎవరిని చూసి నవ్వుతున్నామో ఆలోచించండి.

హిజ్రీ 8లో మక్కా జయించిన రోజు కాబా మీద నుంచి అజాన్ పలికింది ఒకప్పుడు బానిసగా ఉన్న హజ్రత్ బిలాల్ (రజి). హిజ్రీ 10లో చివరి హజ్ సందర్భంగా ప్రవక్త (స), అరబ్బుకు అరబ్బేతరునిపై ఏ ఆధిక్యతా లేదనీ, ఉంటే గింటే అది భయభక్తుల వల్లనేననీ ప్రకటించారు. తెగలూ వంశాలూ పరస్పర పరిచయం కోసమేనని అల్ హుజురాత్ సూరా చెబుతోంది. భయభక్తులుండేది హృదయంలో. దాన్ని తూచే త్రాసు అల్లాహ్ మనలో ఎవరి చేతికీ ఇవ్వలేదు.

చికిత్స

రోజుకు ఐదుపూటలా నుదురు నేలకు ఆనిస్తున్నాం. ఏ మట్టిని ఇబ్లీస్ హీనంగా చూశాడో, మనం పుట్టిందీ చివరికి చేరేదీ ఆ మట్టిలోకే. ఈ స్పృహతో సజ్దా చేస్తే, లేచాక పక్కవాడు మనకంటే తక్కువగా కనిపించడు. మనకన్నా చిన్నవాడు తప్పు చూపిస్తే 'నిజమే' అని అందాం. మన మాటతో నొచ్చుకున్నవారి ఇంటికి వెళ్ళి క్షమాపణ కోరుదాం. ఇంట్లో పనులు చేయటం నామోషీ అనుకోవద్దు. ప్రవక్త (స) స్వయంగా ఇంటిపనుల్లో తోడ్పడేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. అయితే వినమ్రత అంటే దౌర్జన్యం ముందు నోరు మూసుకోవటం కాదు. సత్యానికి తల వంచినవాడే అసత్యం ముందు నిలబడగలడు.

ఒక్క మాట. ఇది చదువుతున్నంతసేపూ మీకు మరెవరి ముఖమో గుర్తుకొచ్చి, 'ఇది అతను చదవాలి' అనిపించిందా? అయితే ఈ వ్యాసం ముందుగా మీ కోసమే. రాస్తున్నప్పుడు నాకూ అలాగే ఎవరో గుర్తుకొచ్చారు, అందుకే ముందుగా నా కోసం కూడా.

అల్లాహ్ మన హృదయాల్ని ఇబ్లీస్ రోగం నుంచి కాపాడి, ఆదమ్ (అలై) లాంటి పశ్చాత్తాప గుణాన్ని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.