ఎవరెత్తిన బరువు?

కోల్‌కతాకు హుగ్లీ నది ఆవల, హౌరా జిల్లాలో దేవుల్‌పూర్ అను గ్రామము కలదు. ఆ ఊరి ఆలోక్ షెవులి బరువులెత్తు సాధన చేయుచుండెను. అతనిని చూచి తమ్ముడు అచింత కూడ అభ్యాసములో చేరెను. 2013లో తండ్రి మరణించగా, అన్న క్రీడను విడిచి సంసారభారము వహించెను. తల్లియు కుమారులును బట్టలపై జరీపని చేసి జీవించిరి. తమ్ముని అభ్యాసము మాత్రము నిలిచిపోలేదు.

2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలలో, 73 కిలోల తరగతిలో, క్లీన్ అండ్ జర్క్ రెండవ ప్రయత్నమున అచింత 170 కిలోలు ఎత్తలేకపోయెను. మిగిలినది ఒక్క ప్రయత్నమే. అదే బరువును మరల తలపైకెత్తి నిలిచెను. మొత్తము 313 కిలోలు, స్వర్ణపతకము. దానిని అన్నకును, గురువునకును అంకితము చేసెను.

ఆ విజయ మెవరిది? అన్నదే యందుమా, వేదికపై మరియొకరు కడ్డీని తాకినచో ఆ ఎత్తు చెల్లదు. తమ్మునిదే యందుమా, అన్న త్యాగము లెక్కకు రాకపోవును.

గలతీయులకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయములో పౌలు పరస్పరము భారములు మోయుమనియు, ఎవరిది వారే మోయవలెననియు చెప్పుట వైరుధ్యముగా తోచును. కాని గ్రీకు మూలమున మాటలు రెండు. 'బరోస్' మనుష్యుని క్రుంగదీయు భారము. 'ఫోర్తియోన్' ఎవరి వంతు మూట వారిది. ఇంటి పోషణ మొదటిది. దానిని అన్న మోసెను. కడ్డీ రెండవది; దానిని తమ్ముడే ఎత్తవలసెను.

అన్న విడిచిన క్రీడకు పతకము లేదు. తమ్ముని కృతజ్ఞత ఆ లోటును పూడ్చజాలదు. అయినను, తన భారమును మరియొకరు మోసిరని ఒప్పుకొనువాడు తన విజయమును తగ్గించుకొనడు. దానిని గూర్చి సత్యము పలుకును.