కనబడలేదని రాయడమూ పనే

వసుధా,

నీ ఉత్తరం చేరింది. పక్షుల సంరక్షణ మీద పరిశోధన చేస్తానన్నావని, ఇంట్లో రెండు రోజులుగా మాటల్లేవని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. జీతం గురించి వాడన్నది అబద్ధమేమీ కాదు. ఈ రంగంలో చాలాకాలం ప్రాజెక్టు ఉద్యోగాలే. ఒప్పందం ముగిస్తే మళ్లీ వెతుక్కోవాలి. పక్షుల శాస్త్రంలో సలీం అలీ అంతటివాడు బెర్లిన్‌లో చదువుకుని తిరిగొస్తే బొంబాయి మ్యూజియంలో ఆయన ఉద్యోగమే లేకుండా పోయింది. 1931లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వేకు ఖర్చులిస్తే చాలు, జీతం వద్దని ఒప్పుకున్నాడు. ఈ కథ చెప్పి నీ చేత ఊరికే పని చేయించుకోవాలని చూసేవాళ్లు తగులుతారు. వాళ్లకు నమస్కారం పెట్టి వచ్చెయ్. ఆ త్యాగం ఆయన ఇష్టపడి చేసింది, ఇంకొకరు అడిగి చేయించుకోవలసింది కాదు.

నన్ను ఆలోచనలో పడేసింది నీ ఉత్తరంలోని ఇంకో మాట. “ఎవరికీ దొరకని పిట్ట ఒక్కటి నాకు దొరికితే చాలు పెదనాన్నా” అని రాశావు. డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పిన రోజుల్లో ఈ మాట చాలామంది నోట విన్నాను. అలా అన్నవాళ్లలో ఎక్కువమంది తొందరగానే వేరే దారి పట్టారు.

ముందు ఒకప్పటి మామూలు పిట్ట రాబందు గురించి చెప్తాను. రాబందుల సంగతి తెలుసంటావు. మందు వల్ల చచ్చాయి, మందు ఆపారు, అంతే కదా అంటావు. దానికి ముందు జరిగింది చూడమ్మా. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ దగ్గర కేవలాదేవ్ పార్కులో వేటపక్షుల మీద పనిచేస్తూ విభూ ప్రకాశ్ 1987-88లో తెల్లవీపు రాబందుల గూళ్లు లెక్కపెట్టాడు. 353 తేలాయి. ఆ రోజుల్లో చచ్చిన గొడ్డు కనబడితే చాలు, రాబందులు గుంపులుగా వాలేవి. అంత మామూలు పక్షిని లెక్కపెట్టినందుకు ఎవరూ శాలువా కప్పరు. 1996లో చూస్తే ఆ గూళ్లలో సగం కూడా లేవు. పక్షులు కొమ్మల మీద మెడలు వాల్చి కూర్చునేవి, కొన్నాళ్లకు కింద పడి ఉండేవి. మరికొన్నేళ్లకు అక్కడ గూడు కట్టే జంటే కరువైంది. పాత లెక్క లేకపోయుంటే “ఈమధ్య రాబందులు తగ్గినట్టున్నాయి” అనే అరుగు మీద కబురు తప్ప చేతిలో ఏమీ ఉండేది కాదు. కబురు పట్టుకుని వెళితే ఏ ప్రభుత్వమూ మందుల కంపెనీల జోలికి పోదు.

కారణం దొరకడానికి మరికొన్నేళ్లు పట్టింది. ఏదో అంటురోగమని ముందు అనుకున్నారు. పాకిస్తాన్‌లో చచ్చిన రాబందులను కోసి చూసిన లిండ్సే ఓక్స్ బృందం 2004లో అసలు సంగతి బయటపెట్టింది. పశువులకు నొప్పికి వేసే డైక్లోఫెనాక్ సూది. ఆ మందు ఒంట్లో ఉండగా చచ్చిన గొడ్డును తింటే రాబందు మూత్రపిండాలు చెడిపోతాయి, లోపలి అవయవాల మీద సున్నం పూసినట్టు యూరిక్ ఆమ్లం పేరుకుంటుంది. 2006లో మన దేశంలో పశువులకు దాన్ని నిషేధించారు. 2007 లెక్కకు, 1992లో వెయ్యి తెల్లవీపు రాబందులు ఉన్నచోట ఒకటి మిగిలింది. నిషేధం తర్వాత కూడా మనుషుల కోసం చేసిన పెద్ద సీసాలు పశువుల దగ్గరికి చేరుతూనే ఉన్నాయి. 2015లో గానీ ఆ సీసాల పని పట్టలేదు.

ఇక నీ అరుదైన పిట్ట. మన కడప జిల్లా కలివికోడి కంటే అరుదైనది ఏముంటుంది? 1848లో జెర్డాన్ అనే పక్షిశాస్త్రవేత్త ద్వారా లోకానికి తెలిసింది. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో దాన్ని చేతికి చిక్కించుకున్నవాడు ఐతన్న, అడవి పిట్టల్ని పట్టడం తెలిసిన మన పల్లె మనిషి. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ మనవాళ్లను అడుగుతూ తిరగకపోతే ఆ సంగతి ఊరు దాటేది కాదు. అందుకే చెప్తున్నాను, నీకు దారి చూపినవాడి కూలి నీ బిల్లు పాసయ్యేదాకా ఆగకూడదు. పని సమానంగా చేసినవాడి పేరు నీ పేరు పక్కనే రావాలి. చివర చిన్నక్షరాల కృతజ్ఞతల్లో సరిపెట్టకు.

ఆ తర్వాతి పని మాత్రం ఎవరికీ సినిమా కథలా ఉండదు. లంకమల అడవి పొదల మధ్య సన్నటి మట్టి పట్టీలుగా పరిచి, తెల్లవారాక అడుగుజాడలు వెతకడం. రాత్రి తిరిగే పిట్ట కాబట్టి అదొక దారి, కెమెరాలు పెట్టడం ఇంకొకటి. ఎక్కువ పొద్దుల్లో పట్టీ మీద దాని జాడ ఉండదు. లేదని రాసిన గళ్లు, ఉందని రాసిన గళ్లు పక్కపక్కన పెడితేనే తెలిసింది, పొదలు మరీ చిక్కబడినా అది ఉండదు, మరీ పలచబడినా ఉండదు అని. ఆ పని చేస్తున్నవాళ్లే తెలుగుగంగ కాలువ తవ్వకం దాని పొదల్లోకి వస్తోందని పట్టుకున్నారు, కాలువ దారి మారింది. అయినా ఆ తర్వాత ఏళ్ల తరబడి కలివికోడి ఎవరి కంటా పడలేదు. అలాంటి ఏళ్లలో నివేదిక గడువు దగ్గరపడ్డ రాత్రి దూరంగా ఏదో కూత వినిపిస్తుంది. “విన్నట్టుంది” అన్నది తెల్లారేసరికి “విన్నాం” అయిపోతుంది. అక్కడ చెయ్యి ఆపగలిగితే నువ్వు ఈ పనికి పనికొస్తావు. నిజంగానే దొరికిందనుకో, గూడు ఎక్కడో ఫొటోలవాళ్లకు చెప్పకు, స్నేహితులైనా సరే.

ఇప్పటికిప్పుడు నీకు లంకమల అక్కర్లేదు, పాలపిట్ట చాలు. దసరాకు మనవాళ్లు పాలపిట్టను చూడాలని పొలాలకు పోతారు. పంజరంలో పెట్టి చూపించి డబ్బులడిగేవాళ్లూ తయారయ్యారు. 2023లో దేశవ్యాప్త పక్షుల నివేదిక వచ్చింది. దీర్ఘకాలపు లెక్క తేలిన 338 జాతుల్లో 60 శాతం తగ్గాయి, పాలపిట్టకూ ముప్పు స్థాయిని మళ్లీ తేల్చాలని అందులోనే రాశారు. ఆ లెక్కలిచ్చింది చాలావరకు నీలాంటి మామూలు జనమే.

నీ కాలేజీ బస్సు రోజూ ఒకే దారిన పోతుంది కదా. కిటికీ పక్కన కూర్చుని కరెంటు తీగల మీది పాలపిట్టల్ని లెక్కపెట్టు. తేదీ, వేళ, ఎండో మబ్బో, ఎన్నో ఒక పుస్తకంలో రాయి. నిద్రపోయిన రోజు నిద్రపోయానని రాయి, సున్నా వెయ్యకు. మేలుకుని చూసినా కనబడని రోజే సున్నా. స్టాటిస్టిక్స్ క్లాసు ఎగ్గొడుతున్నావని విన్నాను, అది మానుకో. ఈ పుస్తకం నిండేసరికి అది ఎందుకు అవసరమో నీకే తెలుస్తుంది. సంక్రాంతికి వచ్చేటప్పుడు పుస్తకం తీసుకురా, కూర్చుని చూద్దాం.


పెదనాన్న